పూజలందుకున్న బ్యాటరీ

సెప్టెంబరు పదిహేడు పొద్దున్న రాయగడ కిరాణా వ్యాపారి కూర్మారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, బ్యాటరీ టెర్మినళ్లు ఒకసారి బిగించడం, సాయంత్రం ఐదింటికి టీవీలో కూతురి నాట్యం చూడడం. పదేళ్ల పద్మప్రియ బడి పిల్లలతో భువనేశ్వర్ వెళ్లి, టీవీ కోసం నాట్యం చేసి వచ్చి నెలయింది. ఆ నెల్లాళ్లూ ఉప్పు కొన్నవాడికీ చెప్పాడు, చింతపండు కొన్నవాడికీ చెప్పాడు. వీధి వీధంతటినీ ఇంటికి పిలిచాడు.

చిక్కల్లా ఒక్కటే. ఊళ్లో రోజూ ఠంచనుగా ఐదింటికి కరెంటు పోతుంది, ఆరింటికి వస్తుంది. "పోతే పోనీండి. మా టీవీ బ్యాటరీ మీద నడుస్తాది. మా అమ్మి నాట్యం ఆగే పనే లేదు" అని కూర్మారావు అందరికీ మాటిచ్చాడు.

నిజానికి టెర్మినల్ బిగిసే ఉంది. అయినా ఇంకొక్క చుట్టు పడితే మంచిదనిపించింది ఆయనకు. పళ్లు బిగబట్టి పానాతో ఒక్క తిప్పు తిప్పాడు. టక్కుమంది. తీగ తగిలించే సీసపు బొడిపె మొదలంటా విరిగి చేతిలోకి వచ్చేసింది.

"ఏటండీ ఆ సప్పుడు?" వంటింట్లోంచి భార్య గౌరీశ్వరి అడిగింది.

"ఏటీ నేదు. బాగా బిగిసింది."

బ్యాటరీకి తువ్వాలు కప్పి, దొంగసొత్తులా రిక్షాలో పెట్టుకుని, "కొట్టుకెళ్తన్నాను" అని కేకేసి బయటపడ్డాడు.

బ్యాటరీల మూర్తి దుకాణం తెరిచే ఉంది. మూర్తి మాత్రం తలంటుకుని పట్టుపంచె కట్టాడు. పానాలు, సుత్తులు, డ్రిల్లు అన్నీ కడిగిన పీట మీద బొట్లు పెట్టుకుని వరసగా కూర్చున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది కూర్మారావుకి, ఆరోజు విశ్వకర్మ పూజ! ఊళ్లో ఏ మేస్త్రీ పనిముట్టు ముట్టుకోడు. ఆయన నోరు తెరిచేలోపే మూర్తి బ్యాటరీని దింపి, తుడిచి, మూడు బొట్లు పెట్టి బంతిపూల దండ వేసేశాడు.

"పూజకి తెచ్చేరా సావుకారూ! మంచి పని సేసేరు."

"పూజకి కాదయ్యా! బొడిపె ఇరిగిపోయింది, సూడు!"

మూర్తి వంగి చూశాడు. "ఓస్, పది నిమిషాల పని. మొదట్లో సన్న బెజ్జం ఏసి, దాన్లో మరసుట్లు కోసి, బోల్టు దింపి, సుట్టూ సీసం పోసెత్తే సరి."

"అయితే కానీ మరి!"

"రేపు కదా. ఇయాల పనిముట్టు ముడితే సెయ్యి పడిపోద్ది. ముందు పులిహోర తినండి."

లేతు మిషను దుకాణంలోనూ అదే మాట, జీపుల షెడ్డులోనూ అదే మాట. పైగా కొత్త చిక్కొకటి వచ్చిపడింది. "బొట్టెట్టి దండేసిన వస్తువుని కోసెయ్యమంటారేటండీ, తప్పు కదా!" అని లెంపలు వేసుకుని, ప్రతివాడూ మరో బొట్టు పెట్టి పంపాడు. పోనీ ఎవరి దగ్గరైనా బ్యాటరీ అరువు తీసుకుందామంటే, లారీల బ్యాటరీలు కూడా దండలేసుకుని ఉన్నాయి. మూడున్నరయ్యేసరికి బ్యాటరీ మీద నల్లరంగు కనబడలేదు. కూర్మారావు పొట్టలో మూడు రకాల పులిహోర కలిసి కలహిస్తున్నాయి.

ఇక మిగిలింది అప్పలనరసింహం. ఊళ్లో మేస్త్రీలందరికీ పెద్ద. స్టేషను దగ్గర అతని పందిట్లో మైకు మోగిపోతోంది, సీరియల్ బల్బులు మిణుకుమిణుకుమంటున్నాయి. పూలదండల బ్యాటరీతో రిక్షా దిగిన సావుకారుని చూసి ముసలాయన పొంగిపోయాడు.

"బ్యాటరీల యాపారం పెట్టేరా సావుకారూ! మొదటి బ్యాటరీ మా పందిట్లోకే తెచ్చేరా!"

"కాదు మేస్త్రీ, ఇది ఇరి..." అంటుండగానే మైకు మిగతా మాట మింగేసింది. ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, మెడలో ఓ దండ వేసి, చేతికి అక్షింతలిచ్చారు.

"బ్యాటరీ గోత్రం?" అడిగాడు పంతులు.

కూర్మారావు అటూ ఇటూ చూసి, దిక్కుతోచక తన గోత్రమే చెప్పాడు. పూజ మధ్యలో లేస్తే అరిష్టమన్నారు. గడియారం నాలుగున్నర అంది, ఐదుకి పది అంది. హారతి కళ్లకద్దుకునేసరికి ఐదుంపావు. ఇంటికి పరిగెడదామని లేచాడు.

"ఒక్కరే ఎల్లడమేటి! కొత్త యాపారం, ఊరేగిద్దాం!" అన్నాడు అప్పలనరసింహం.

పువ్వులు కట్టిన బండి మీద బ్యాటరీ, ముందు డప్పులు, వెనక మెడలో దండతో సావుకారు. బజారంతా నిలబడి దణ్ణాలు పెట్టింది. ఆయన మాత్రం దేన్నీ చూడలేదు. చీకటి టీవీ ముందు ఏడుస్తూ కూర్చున్న పద్మప్రియే కళ్లముందు ఆడుతోంది. పిల్లకిచ్చిన ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయానని కళ్లు చెమ్మగిల్లాయి.

ఇల్లు చేరేసరికి గుమ్మంలో జనం నవ్వుకుంటూ లడ్డూలు తింటున్నారు.

"ఎక్కడికెల్లిపోయేరండీ!" గౌరీశ్వరి ఎదురొచ్చింది. "అమ్మి ఎంత బాగా సేసిందో! వీధంతా సూసింది, మీరు తప్ప!"

"కరెంటూ...?"

"పోనేదు. కరెంటాఫీసులోనూ పూజేనట. స్విచ్చులకి బొట్లెట్టేసేరట, ఆపడానికి ఎవరూ ముట్టుకోనేదు."

పద్మప్రియ పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, నేను బాగా సేసేనా?"

"అదరగొట్టేసేవమ్మీ!"

"ఎక్కడ సూసేవు?"

"అదీ... మేస్త్రీల పందిట్లో."

"మా పందిట్లో టీవీ ఎక్కడుంది సావుకారూ?" అన్నాడు, జన్మలో అబద్ధమాడని అప్పలనరసింహం.

కూర్మారావు తలవంచుకున్నాడు. పద్మప్రియ ఒక్క క్షణం ఆయన మెడలో దండనీ, బండి మీద బ్యాటరీనీ చూసింది. పక్కున నవ్వి, లోపలికెళ్లి గజ్జెలు కట్టుకొచ్చింది. "అయితే అక్కడ కూకో. టీవీలో సగమే సూపించేరు, నీకు మొత్తం సేస్తాను."

డప్పులవాళ్లకి తాళం దొరకడానికి కాస్త సమయం పట్టింది. దొరికాక వీధి మళ్లీ నిండింది. కూర్మారావు బ్యాటరీ పక్కనే నేల మీద చతికిలబడి, చివరిదాకా రెప్ప వేయకుండా చూశాడు.

మర్నాడు మూర్తి వచ్చి అన్నట్టే పది నిమిషాల్లో బోల్టు దింపి పోయాడు. సాయంత్రం ఐదింటికి ఠంచనుగా కరెంటు పోయింది. కూర్మారావు బ్యాటరీ తగిలించి, వంకాయకు పట్టే పురుగు గురించి అరగంట కార్యక్రమాన్ని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూపించాడు.