రాళ్ళు లేని బియ్యం

సోమవారం పొద్దున గుణదల వృద్ధాశ్రమం మేనేజరు సంజీవరావు అనుకున్న పనులు చాలా చిన్నవి. కొత్తగా వచ్చిన బియ్యం బస్తాలు వంటమనిషి తెరేసమ్మకి అప్పజెప్పాలి. వసారా గోడకి వేలాడుతున్న చేటలు దింపి అటక మీద పడెయ్యాలి. ఆ తర్వాత స్థిమితంగా కాఫీ తాగాలి.

ఆ బియ్యం కంకిపాడులో మిల్లు నడిపే జాహిద్ పంపించినవి. రాళ్ళేరే కొత్త మిషను పెట్టించాడట, గింజ మల్లెమొగ్గలా ఉంది. ఆదివారం ఆశ్రమం ఛైర్మన్‌తో కలిసి తానే వచ్చి చూస్తానని, పెద్దవాళ్ళకి నచ్చితే ఏడాది పొడుగునా తన మిల్లు బియ్యమేనని కబురు చేశాడు.

సంజీవరావు సంబరపడ్డాడు. చేరిన రోజు నుంచీ ఆయన్ని బాధపెడుతున్న దృశ్యం ఒకటుంది. పొద్దున్నే ఆడవాళ్ళంతా వసారాలో వరసగా కూర్చుని, చేటల మీదికి వంగి, ప్రభుత్వ చౌక బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంటారు. పక్కన కుర్చీలో సైదావలి. గవర్నర్‌పేటలో దర్జీగా చెయ్యగలిగినంత కాలం చేసి, చూపు తగ్గాక ఇక్కడ చేరాడు. ఒళ్ళో పాత బిస్కట్ల డబ్బా పెట్టుకుంటాడు. ఏరిన రాయి అందులో పడితే ఆ చప్పుడు విని అది రాయో, మట్టిగడ్డో, వడ్లగింజో చెబుతాడు. ఎంత వేళాకోళంగా సాగినా చాకిరీ చాకిరీయే కదా అని సంజీవరావు బాధ.

"ఇవాళ్టి నుంచి మీరెవరూ బియ్యం బాగుచెయ్యక్కర్లేదండీ. హాయిగా కూర్చోండి," అని ప్రకటించాడు.

బందరు వైపు హాస్టళ్ళలో వండి వండి రిటైరైన సంపూర్ణమ్మ తలెత్తి చూసింది.

"కూర్చుని?"

"కూర్చోవడమేనండీ."

ఆవిడ చేట అంచు కొంగుతో ఒకసారి తుడిచి ఆయన చేతికిచ్చింది. సంజీవరావు దాన్ని కృతజ్ఞత అనుకున్నాడు.

మర్నాటికి, చేటల వరసలో సంపూర్ణమ్మ పక్కన కూర్చునే శౌరమ్మ మోకాళ్ళు పట్టేశాయి. ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఉన్న ఇద్దరు ఫ్యాను స్పీడు దగ్గర తగువు పడి మాటలు మానేశారు. సైదావలి కంచంలో సగం అన్నం వదిలేశాడు. బుధవారానికి వసారాలో కాకులు తప్ప ఎవరూ లేరు, అందరూ మంచాల మీదే. డాక్టరుని పిలిపిస్తే ఆయన అందరి నాడీ చూసి, ఎవరికీ ఏమీ లేదని చెప్పి, అందరికీ టానిక్కు రాసిచ్చాడు. కొత్త బియ్యపు అన్నం పడలేదేమోనని సంజీవరావు తానే రెండు పూటలా ఆశ్రమంలో తిని చూశాడు. బ్రహ్మాండంగా పడింది.

అయితే వీళ్ళకి కావలసింది ఉల్లాసమని తేల్చుకున్నాడు. గవర్నర్‌పేటలో నవ్వుల క్లబ్బు నడిపే మాస్టారిని గురువారం తెల్లవారేసరికి రప్పించాడు. మాస్టారు అందర్నీ వసారాలో నిలబెట్టి, చేతులు పైకెత్తి గుండెల నిండా నవ్వమన్నాడు. నవ్వు రానివాళ్ళు మర్యాద కోసం నవ్వితే ఎలా ఉంటుందో అలా వచ్చింది. ఒకరు మొదలెట్టి ఆపేస్తే ఇంకొకరు అందుకున్నారు. మధ్యలో దగ్గులు, ముక్కు చీదడాలు. గోడ అవతల ఇంటివాళ్ళు ఉలిక్కిపడి లేచారు. పొద్దున్నే ఆశ్రమంలో అంతమంది కలిసి గొల్లుమంటున్నారంటే వాళ్ళకి ఒకటే అర్థం తోచింది. వాళ్ళ దగ్గరున్నది సంపూర్ణమ్మ మేనల్లుడు బెన్నీ ఫోన్ నంబరు ఒక్కటే. దానికే చేశారు.

కాసేపటికి గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ఏడుపు మొహంతో బెన్నీ, ఏడుస్తూ అతని భార్య ఏంజెల్, ఏంజెల్ చేతిలో పెద్ద బంతిపూల దండ దిగారు. గేటు తీసింది సంపూర్ణమ్మే.

"దండ ఎవరికిరా?"

బెన్నీ అబద్ధం ఆడలేని మనిషి. "నీకే అత్తా," అన్నాడు.

సంపూర్ణమ్మ దండ వంకా ఆటో వంకా చూసింది. "ఆటో ఎలాగూ వచ్చింది. పెట్టె సర్దుకుంటాను, ఆగు. నేనిక్కడ ఉండలేనురా."

మరి నేనో అంది వెనకాల నుంచి శౌరమ్మ. ఫ్యాను తగువువాళ్ళిద్దరూ ఆ క్షణానికి ఒకటై, తామూ వెళ్ళిపోతామన్నారు. బెన్నీది ఒకటే గది ఇల్లు. సంజీవరావు అతన్ని పక్కకి తీసుకెళ్ళి బతిమాలితే, ఆదివారం వచ్చి తీసుకుపోతానని అత్తకి నచ్చజెప్పి, దండతో సహా వెళ్ళాడు.

ఆదివారం. ఛైర్మన్ ఎదుట ఈ పెట్టెలన్నీ గేటు దాటితే తన ఉద్యోగమూ వెంట వెళ్తుంది. సంజీవరావుకి ఉద్యోగం పోతుందన్న దానికంటే, పోతే ఇంటికి వెళ్ళాల్సి వస్తుందని భయం. కాలవల ఆఫీసులో రిటైరయ్యాక ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆయన తన భార్య రామతులసి పోపుల డబ్బాలు అక్షరక్రమంలో సర్దాడు. పాలవాడికి సమయపాలన నేర్పబోతే వాడు రావడం మానేశాడు. ఆవిడే ఛైర్మన్ భార్య కాళ్ళావేళ్ళా పడి ఈ ఉద్యోగం వేయించింది. "ఇదీ పోగొట్టుకుంటే ఇంటికి రాకండి. అక్కడే ఓ మంచం చూసుకోండి," అని ఆ సాయంత్రమే చెప్పేసింది.

శుక్రవారం మధ్యాహ్నం సంజీవరావు ఎవరికీ ఏమీ చెప్పకుండా భోజనాల గదిలో ఓ మూల కూర్చున్నాడు. కాలవ ఎక్కడ గండి పడిందో గట్టు మీద కూర్చుని చూసే అలవాటు ఆయనకి ఉద్యోగంలో వచ్చింది. చూస్తున్నాడు. సంపూర్ణమ్మ అన్నాన్ని కంచంలో పలచగా పరిచింది. చూపుడువేలితో మెతుకులు ఒకపక్కకి నెడుతూ, వెతుకుతూ పోయింది. ఆ చివరిదాకా వెళ్ళి, ఏమీ దొరక్క, చెయ్యి తీసేసింది. శౌరమ్మా అంతే. సైదావలి ప్రతి ముద్దకీ నమలడం ఆపి ఆలకిస్తున్నాడు.

"అన్నం బాగాలేదాండీ సైదావలి గారూ?"

"అన్నానికేం సార్. కాకపోతే ఇదివరకు పంటికింద రాయి పడితే సంపూర్ణమ్మని తిట్టేవాణ్ణి. ఇప్పుడెవర్ని తిట్టను?"

అవతలి వరసలోంచి సమాధానం తక్షణం వచ్చింది. "ఒక్కసారి వచ్చిందయ్యా, ఈస్టరు నాడు. అదీ వడ్లగింజ. ఊళ్ళో పళ్ళన్నీ రాలిపోయినట్టు చెబుతావు."

నాలుగు రోజుల్లో ఆవిడ అంత హుషారుగా మాట్లాడటం అదే మొదలు. సంజీవరావుకి ఎందుకో పోపుల డబ్బాలు గుర్తొచ్చాయి.

చౌక బియ్యం మళ్ళీ వచ్చే నెలకి గానీ రావు. కంచం కడుక్కుని నేరుగా గవర్నర్‌పేట వెళ్ళి ఓ పెద్ద బియ్యం కొట్లో, రాళ్ళున్న బియ్యం ఉన్నాయా అని అడిగాడు. కొట్టు యజమాని గల్లా పెట్టె దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. తన కొట్టు రాయన్నది పుట్టి ఎరగదని పిల్లల మీద ఒట్టేశాడు. లేదండీ, నిజంగానే రాళ్ళు కావాలని సంజీవరావు బతిమాలినకొద్దీ ఆయనకి చెమటలు ఎక్కువయ్యాయి. చివరికి జీడిపప్పు పొట్లం ఒకటి సంచిలో పెట్టబోతే సంజీవరావు టీ సగంలో వదిలేసి బయటపడ్డాడు.

ఆశ్రమం పక్కన ఎవరో ఇల్లు కడుతున్నారు. అక్కడి ఇసుక గుట్టలోంచి కందిబద్దంత రాళ్ళు జల్లెడ పట్టాడు. పెద్దవాళ్ళ కడుపులోకి వెళ్ళేవి కదా అని పంపు కింద రెండుసార్లు కడిగి, పేపరు మీద ఆరబెట్టాడు. శనివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా బస్తాలో కలిపాడు. ఆదివారం పొద్దున్నే మొహం వేలాడేసుకుని వసారాలో నిలబడ్డాడు.

"మోసపోయామండీ. మిల్లు బియ్యంలో రాళ్ళున్నాయి."

ఆశ్రమం లేచి కూర్చుంది. అటక మీది చేటలు దిగాయి. శౌరమ్మ మోకాళ్ళు ఆవిణ్ణి అందరికంటే ముందు తీసుకొచ్చాయి. సైదావలి డబ్బాలో మొదటి రాయి ఠంగుమంది. మిల్లు యజమానిని అతని తాతల కాలం నుంచీ మొదలెట్టి తిట్టడంలో ఫ్యాను తగువువాళ్ళు ఒకరికొకరు మాటలు అందించుకున్నారు. బెన్నీ ఆటో తెస్తే, చేటలో సగముంది, తర్వాత చూద్దాం పొమ్మంది సంపూర్ణమ్మ.

ఈ సంతోషంలో సంజీవరావు ఒక్క సంగతి మరిచిపోయాడు. ఛైర్మన్‌తో పాటు ఆ మిల్లు యజమానీ వచ్చేది ఇవాళే. గుర్తొచ్చేసరికి కారు గేటులోపలికి వచ్చేసింది.

ఛైర్మన్ వెనకాల దిగిన జాహిద్, తన మిల్లు పేరున్న బస్తా పక్కన వరసగా చేటలు చూసి మెట్ల మీదే ఆగిపోయాడు.

"మిల్లు నీదేనా నాయనా? ఇట్రా," అంది సంపూర్ణమ్మ, అరిచెయ్యి చాపి. చెయ్యి నిండా రాళ్ళు.

జాహిద్ మొహం పాలిపోయింది. ఒక రాయి తీసి వేళ్ళ మధ్య తిప్పి, "ఇది కళ్ళంలో రాయి కాదండీ," అని సంజీవరావు వంక చూశాడు. ఛైర్మన్ కూడా చూశాడు. సంజీవరావు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు.

"ఆయన్ని అడక్కండి," అంది సంపూర్ణమ్మ. "కళ్ళం రాయికి మట్టి ఉంటుంది. ఇవి కడిగి, ఆరబెట్టి కలిపాడు పిచ్చి మారాజు. మొదటి చేటలోనే తెలిసింది. తెలిసిందని చెబితే మానేస్తాడని ఊరుకున్నాం. నీ బియ్యానికి వంక లేదు నాయనా. ఇప్పుడింకా బాగున్నాయి."

ఛైర్మన్‌కి ఏమీ అర్థం కాలేదు. కానీ అందరూ కులాసాగా ఉన్నారని తలాడించి లోపలికి నడిచాడు. జాహిద్ కదల్లేదు. సంజీవరావుని కారు చాటుకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"మా ఇంట్లో మిల్లు బియ్యమే కదండీ. మిషను పెట్టిన కాడ్నించీ మా అమ్మకి ఎవరితోనూ పడట్లేదు. కోడళ్ళిద్దరూ పుట్టిళ్ళకి పోయారు. ఆ రాళ్ళు ఎక్కడ తెచ్చారు?"

"ఇసుక గుట్టలోవండీ. మట్టి మాత్రం కడక్కండి, పట్టేస్తారు."

ఒకటో తారీఖున కంకిపాడు నుంచి బియ్యం బస్తాలు దిగాయి. వాటి వెంట మూతి కుట్టిన చిన్న సంచి కూడా వచ్చింది, నిండా మిల్లులో ఏరిన రాళ్ళు. జాహిద్ మిషను నిజంగా మంచిదే, వాటిలో ఒక్క బియ్యపుగింజ కూడా లేదు.