డాక్టరమ్మ కట్టిన రుసుము

పశువైద్యుల మండలి సభ్యత్వ రుసుము డబ్బుగా తీసుకోదు. ఏటా ప్రతి డాక్టరూ తనకు తెలిసిన పనుల్లో ఒకదాన్ని మండలికి జమ చెయ్యాలి. జమ చేసిన పని ఇక చేతకాదు. చాలామంది ఉగాదిలోపే కట్టేసి, అనుమతి పత్రాన్ని గోడకు తగిలించుకుంటారు.

హైమవతి ఇన్నాళ్లూ తెలివిగానే కట్టుకొచ్చింది. మొదట గుర్రాల వైద్యం ఇచ్చేసింది, ఆ చుట్టుపక్కల గుర్రాలు లేవు గనక. తర్వాత కోళ్ల తెగులు, ఆపైన విరిగిన కాళ్లకు కట్టు. చివరికి ఆమెకు మిగిలింది అడ్డం తిరిగిన దూడను కడుపులోనే సరిచేసి బయటికి తియ్యడం ఒక్కటే.

ఆ పని మీదే రైతు సింహాద్రి గేదెల పాకకు వచ్చి, మోచేతిదాకా సబ్బు రాసుకుంటుండగా మండలి తనిఖీ అధికారి సర్వారాయుడు దిగారు. చంకలో జమలు పట్టుకెళ్లే ఊరగాయ జాడీ, దాని మూతికి గుడ్డ. ఆయన తన పనులన్నీ ఎప్పుడో కట్టేసిన మనిషి. ఏ పనీ మిగలని వాళ్లకే తనిఖీ ఉద్యోగమిస్తారు, పక్షపాతం ఉండదని.

"ఈ ఏటిది కట్టలేదమ్మా. కట్టకుండా చెయ్యి పెడితే నేరం."

"గేదె ఈనాక కడతానండీ. దూడ అడ్డం తిరిగింది."

"గేదె ఏది?" అన్నారాయన మర్యాదగా, సింహాద్రినీ గేదెనూ మార్చి మార్చి చూస్తూ.

"అయ్యబాబోయ్, నా గేదె సచ్చిపోతాది! ఆ కట్టేదేదో కట్టీయమ్మా," అన్నాడు సింహాద్రి.

"కడితే నాకీ పని రాదు సింహాద్రీ."

"పర్మిషనుంటాది గదమ్మా! అది లేని సెయ్యి పడితే బీమా వోళ్లు ఊరుకోరు."

హైమవతి గేదె వంక చూసింది. అది కాళ్లు చాపి రొప్పుతోంది. సర్వారాయుడు గుడ్డ విప్పి పట్టుకున్న జాడీలో ఆమె వేళ్లు పెట్టింది. ఇదివరకెప్పుడూ గమనించలేదు, పని చేతిలోంచి ఎలా పోతుందో ఈసారైనా చూద్దామనుకుంది. గోరువెచ్చగా ఏదో వేలి కొసల నుంచి జారింది. జాడీ అడుగున తడి దూడ కదిలినట్టు చిన్న చప్పుడైంది.

సర్వారాయుడు గుడ్డ బిగించి, ముద్ర వేసిన పత్రం ఇచ్చారు. తనిఖీలో లోపమేమీ కనబడలేదు.

సింహాద్రి పత్రాన్ని కళ్లకద్దుకుని గుంజకు కట్టాడు. "ఇంక బయం నేదే! డాక్టరమ్మకి పర్మిషనొచ్చీసింది," అని పెళ్లాన్ని కేకేశాడు.

గేదె మూలిగింది. హైమవతి తన సబ్బు చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత లేచి వెళ్లి సర్వారాయుడి పక్కన నిలబడింది. ఆయన కాస్త జరిగి చోటిచ్చారు.