పెరుగుదలకు నాలుగంగుళాలు

ఆదివారం ఉదయం ఆరున్నరకు నర్సు డ్యూటీకి బయలుదేరుతూ మొగుడి చేతిలో ఒక చీటీ పెట్టింది. అందులో ఉన్నవి మూడే ముక్కలు. పన్నెండు అంగుళాల గ్రోబ్యాగులు, అంటే మొక్కల సంచులు, ఎనిమిది. వానపాముల ఎరువు రెండు బస్తాలు. కోకోపీట్ ఇటుక ఒకటి. ఆ చీటీని ఐదో క్లాసు పిల్లాడికిచ్చినా పది గంటలకల్లా అన్నీ తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. ఆవిడ ఇచ్చింది దర్జీకి.

"సాయంత్రం నాలుగింటికి ఇంటావిడ పైకొచ్చి చూస్తానంది, గుర్తుందిగా? అప్పటికి సంచులన్నీ డాబా మీద వరసగా ఉండాలి. ఏమండీ, మిమ్మల్నే."

దర్జీ నోట్లో గుండుసూదులు ఉన్నాయి. వాటి మధ్యనుంచే, "నువ్వెళ్ళు, నేను చూసుకుంటాగా," అన్నాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నర్సుకి గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. బస్సు టైమైపోయింది కాబట్టి ఆ కలుక్కును కూడా వెంటబెట్టుకుని మెట్లు దిగింది.

వంటింటి కిటికీలో దారపు కండెల డబ్బాల్లో ఎనిమిది నారుమొక్కలు ఉన్నాయి. ఐదు టమాటా, రెండు మిరప, ఒకటి స్ట్రాబెర్రీ. పదకొండేళ్ళుగా అద్దె ఇళ్ళు మారుతూ వచ్చిన నర్సుకి ఇంతవరకూ ఏ ఇంటివాళ్ళూ గుప్పెడు మట్టి పెట్టుకోనివ్వలేదు. డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే వెళ్ళి ఆ ఎనిమిదింటినీ పలకరిస్తుంది. ఎండ పడితే నుదురు తాకి చూసినట్టు ఆకులు తాకి చూస్తుంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు గాని, ఆవిడకి అదొక పెద్ద కోరిక.

ఈ ఇంటావిడ రిటైరైన డ్రాయింగు టీచరు. తను కింది వాటాలో ఉంటూ పై వాటా, దాన్నానుకున్న డాబా వీళ్ళకి అద్దెకిచ్చింది. మొక్కలకు ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. డాబా మీది నీళ్ళు తూములోంచి పక్క గోడ మీదుగా దిగుతాయి. ఆ గోడకి నెల కిందటే రంగు వేయించింది. నిజానికి ఆవిడ అడిగింది చల్లారిన టీ రంగు. పెయింటరు రంగుల కార్డు ముందుకీ వెనక్కీ తిప్పి, అలాంటి నంబరు ఏ కంపెనీలోనూ లేదని చెప్పి తెల్లరంగు కొట్టి పోయాడు. అప్పటినుంచీ ఆవిడ ఆ గోడ వంక ముఖం చిట్లించుకునే చూస్తోంది.

"నచ్చని గోడైనా నా గోడే కదమ్మా. దాని మీద ఒక్క మట్టి చుక్క కనబడిందా, మొక్కలు దిగిపోవాలి. వాటి వెనకాల మీరూ దిగొచ్చు," అని నర్సుతో చెప్పింది.

ఇక దర్జీ సంగతి. ముప్పై ఏళ్ళ వృత్తి ఆయనకు రెండు విషయాలు నేర్పింది. పిల్లలన్నాక పెరుగుతారు, తడిస్తే ఏదైనా కురచవుతుంది. అందుకే ఆయన కుట్టిన యూనిఫారం రెండో క్లాసులో తొడిగితే ఐదో క్లాసు దాకా వస్తుంది. మొదటి ఏడాది మాత్రం, లోపల పిల్లాడు ఎక్కడున్నాడో కాస్త వెతుక్కోవాలి, అంతే. ఇంటావిడ జాకెట్లకు కూడా లోపల రెండంగుళాలు వదిలిపెట్టేవాడు. "నాకు అరవై ఎనిమిదండీ, ఇంకెక్కడ పెరుగుతాను?" అని ఆవిడ అరిచినా, "ఎందుకైనా మంచిది," అనేవాడు.

చీటీ చూడగానే ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. చేతిలో మిషను పెట్టుకుని సంచులు కొనడమా! దుకాణంగా వాడుకునే ముందుగదిలో పరదాల గట్టి గుడ్డ తాను ఒకటి మూలుగుతోంది. టేపు మెడలో వేసుకుని వంటింట్లోకి వెళ్ళి, ఎనిమిది మొక్కలకూ నిలువు కొలత తీశాడు. ఒక్కోటి నాలుగంగుళాలుంది. టమాటా మొక్క ఎంత పొడుగవుతుందని అప్పుడే వచ్చిన బావమరిదిని అడిగాడు.

"నా నడుం దాకా వస్తుంది బావా," అన్నాడు బావమరిది. నర్సుకి తమ్ముడు, ట్రాలీ ఆటో నడుపుతాడు. ఎవరు ఏం చెప్పినా సరే అనడం అతని అలవాటు.

"మరి మీ అక్క పన్నెండంగుళాలని రాసిందేమిట్రా? ఆరు నెలలు తిరక్కుండా బిగుతైపోవూ?"

"అవుతాయి బావా."

ఆ పన్నెండు మీద నాలుగు అంగుళాలు పెరుగుదలకి వదిలాడు. తడిస్తే గుడ్డ కురచవుతుందని ఇంకో నాలుగు. మళ్ళీ వచ్చే ఏడాది కుట్టే పని లేకుండా మరో నాలుగు. పదింటికల్లా ఎనిమిది సంచులు తయారయ్యాయి. బావమరిది సరదాపడి ఒకదాంట్లోకి దిగి కూర్చుంటే తల మాత్రం పైకి కనబడింది. కుట్టు మాత్రం అద్భుతం, పట్టుకోవడానికి రెండు పక్కలా పట్టీలు, చుట్టూ డబుల్ కుట్టు.

నర్సరీలో ఎరువులమ్మే ఆవిడ జీవితంలో అలాంటి కొనుగోలుదారుణ్ణి చూసి ఉండదు. దర్జీ ఒక్కో బస్తాలోంచి చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వెలుతురుకి పట్టి చూశాడు. ఆకుల ఎరువు గరుకుగా ఉందన్నాడు. పశువుల ఎరువు ముద్దగా ఉంది, నిలవదన్నాడు. వానపాముల ఎరువు దగ్గరికి వచ్చేసరికి ముఖం విచ్చుకుంది.

"ఇదీ సరుకంటే. ఎంత మెత్తగా ఉందో! రంగు వెలుస్తుందా అమ్మా?"

"ఎరువుకి రంగు వెలవడమేంటండీ?" అంది ఆవిడ అయోమయంగా. "ఈ కోకోపీట్ ఇటుకుంది చూశారూ, కొబ్బరిపొట్టు అదిమి చేసింది, ఇది మాత్రం మొదటి నీళ్ళకి రంగు వదుల్తుంది. ఎనిమిది సంచులకైతే ఒక్కటి చాలు. నీళ్ళు పోశాక అదీ..."

"నీళ్ళ సంగతి నాకు చెప్పకండి. ముప్పై ఏళ్ళనుంచి బట్ట తడిపి ఆరేస్తున్నాను. నీళ్ళు పోశాక ఏమవుతుందో నాకు తెలీదూ?"

ఆవిడ ఏదో చెప్పబోయి మానుకుంది. బేరం చెడగొట్టుకోవడం ఎందుకనుకుందేమో! దర్జీ ఇటుకను బరువు చూశాడు. అయిదు కిలోలు, బూట్ల అట్టపెట్టెంత. వెంట తెచ్చిన సంచి పక్కన పెడితే మూలకి కూడా రాలేదు. ఎండుగా ఉన్నప్పుడే ఇంతుంటే తడిశాక ఏం మిగులుతుంది? పన్నెండు ఇటుకలు, పది బస్తాల ఎరువు తీసుకున్నాడు. ట్రాలీ ఆటో మూలుగుతూ ఇల్లు చేరింది.

ఇక్కడ దర్జీ జాగ్రత్తను మెచ్చుకోవాలి. డాబా మీద తడిపితే నీళ్ళు తూములోంచి తెల్లగోడ మీదికి పోతాయి. అందుకని పన్నెండు ఇటుకలనూ బాత్రూములో పేర్పించి, బావమరిదిని లోపల నిలబెట్టి పంపు తిప్పమన్నాడు. నీళ్ళు ముందుగదిలోకి పాకితే అక్కడ తగిలించిన కొత్త బట్టలు పాడవుతాయని తలుపు కూడా వేయించాడు. తను డాబా మీద సంచులు వరసగా సర్దుతూ కూర్చున్నాడు.

పావుగంటకి బాత్రూములోంచి కేక వినబడింది. "బావా, ఇది తగ్గడం లేదు!"

"నీళ్ళు చాల్లేదురా. ఇంకా పొయ్యి."

ఇంకో పావుగంటకి, "బావా, పెరుగుతున్నట్టుందే!"

"పెరగదురా. నీకు బట్ట సంగతి ఏం తెలుసు? కాళ్ళతో తొక్కు, దిగుతుంది."

"సరే బావా."

నాలుగు కావస్తుండగా వచ్చిన కేక గొంతు మారిపోయింది. "బావా! మోకాళ్ళ దాకా వచ్చింది! తలుపు లోపలికి రావడం లేదు!"

దర్జీ పరుగెత్తుకెళ్ళి తలుపు తోశాడు. అది లోపలికి తెరుచుకునే తలుపు. లోపల గది నిండా మెత్తటి గోధుమరంగు పొట్టు ఉబ్బిపోయి తలుపుకి ఒరుసుకుని కూర్చుంది. దర్జీ భుజం పెట్టి తోస్తే తలుపు వేలెడు కదిలి మళ్ళీ వెనక్కి వచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, తడిసి పెరిగే వస్తువు ఒకటుందని ఆయనకు తెలిసింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

నర్సు, వెనక ఇంటావిడ. నాలుగు గంటలకు ఇంకా రెండు నిమిషాలుంది.

"అవేంటండీ డాబా మీద? నీళ్ళ ట్యాంకులా?" అంది ఇంటావిడ.

"సంచులండి," అన్నాడు దర్జీ.

నర్సు ఆ సంచులను చూసింది. ఎరువు బస్తాలు చూసింది. తలుపుకి వీపు ఆనించి నవ్వు ముఖం పెట్టిన మొగుణ్ణి చూసింది.

"ఆ తలుపుకెందుకలా అతుక్కున్నారు?"

"ఏం లేదే, ఊరికే."

"అక్కా!" అన్నాడు తలుపు లోపలినుంచి తమ్ముడు. "తొడల దాకా వచ్చిందక్కా!"

"ముందు ఆ పంపు కట్టెయ్యరా!" అని అరిచింది నర్సు. ఆ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదు కాబట్టి అతను కట్టలేదు.

ఆ గందరగోళంలో పనికొచ్చే బుర్ర ఇంటావిడదొక్కటే. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి. బాత్రూముకి డాబా వైపు ఒక వెంటిలేటరు ఉందని ఆవిడకే గుర్తొచ్చింది. స్టూలు వేయించి, దర్జీని ఎక్కించి, బకెట్టు లోపలికి అందించమంది. "అబ్బాయ్, నువ్వు ముంచి ఇవ్వు. టైలరు గారూ, మీరు అందుకుని సంచిలో పొయ్యండి. అమ్మాయ్, నువ్వు ఎరువు కలుపు. ఊఁ, కానివ్వండి!"

బకెట్టు లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది. ఒక సంచి నిండింది. రెండోది, మూడోది కూడా నిండాయి. ఎరువు బస్తాలు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. ఎనిమిదో సంచి అంచు దాకా వచ్చేసరికి బాత్రూములో పొట్టు పాదాల కిందికి దిగింది. తలుపు తెరుచుకుని బావమరిది మోకాళ్ళ పైదాకా గోధుమరంగు కాళ్ళతో బయటపడ్డాడు. దర్జీ చేసిన రెండు పొరపాట్లూ కొలత తీసి కుట్టినట్టు ఒకదానికొకటి సరిపోయాయి. ఆయన ముఖంలో మళ్ళీ కళ వస్తుండగా నర్సు నేల వంక చూసి కొయ్యబారిపోయింది.

ప్రతి బకెట్టునుంచీ కారిన నీళ్ళు డాబా అంతా పాకి తూము దగ్గర చేరుతున్నాయి. చిక్కటి రంగు నీళ్ళు. తూములోంచి గోడ మీదికి దిగుతున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది.

ఇంటావిడ మెట్లు దిగి వెళ్ళింది. నర్సు స్ట్రాబెర్రీ మొక్క డబ్బా ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. "పదకొండేళ్ళండీ," అంది. దర్జీకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. జీవితంలో మొదటిసారి తప్పు నాదే అని ఒప్పుకోబోయాడు, ఇంతలో కింద కేక వినిపించింది.

"అందరూ రండి! పరుగెత్తండి!"

నలుగురూ పక్కసందులో నిలబడ్డారు. తెల్లగోడ మీద తూము కిందినుంచి నేల దాకా రెండు బారల వెడల్పున ఒక చార దిగింది. ఇంటావిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"పిన్నిగారూ, మేం ఖాళీ చేసేస్తామండీ," అంది నర్సు.

"చల్లారిన టీ," అంది ఇంటావిడ.

"ఏంటండీ?"

"ఇదేనమ్మా! ఈ రంగే! ఏ కంపెనీలోనూ లేదన్నాడు కదా ఆ పెయింటరు! నాకు తెలుసు ఉందని!" ఆవిడ గోడను అరచేత్తో నిమిరింది, దూరం జరిగి చూసింది, దగ్గరికొచ్చి చూసింది. తర్వాత దర్జీ వైపు తిరిగి మళ్ళీ టీచరు అయిపోయింది. "మరి మిగతా గోడ సంగతేంటి? సగంలో వదిలేస్తే చారలచొక్కాలా ఉంటుంది. గోడంతా ఒక్క రంగు వచ్చేదాకా మొక్కలు గాని, మీరు గాని కదలడానికి వీల్లేదు. ఇంకెన్ని ఇటుకలు కావాలి?"

"ఎందుకైనా మంచిది, ఇంకో పన్నెండు," అన్నాడు దర్జీ.

"సరే బావా," అన్నాడు బావమరిది అలవాటుగా, ఆ తర్వాత తన కాళ్ళ వంక చూసుకుని నాలిక్కరుచుకున్నాడు.

పొద్దుగూకే ముందు నర్సు ఎనిమిది మొక్కలనూ ఎనిమిది సంచుల్లో నాటింది. ఏడుపో నవ్వో ఆవిడకే తెలియని ముఖంతో ఒక్కో మొక్క చుట్టూ మట్టి అదిమింది. అప్పటికే నీళ్ళు ఓడి సంచుల్లో పొట్టు జానెడు కిందికి దిగింది, నాటాక నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే ఒక్కటీ కనబడలేదు. సంచి అంచు పట్టుకుని వంగి చూస్తే, నట్టనడుమ నాలుగు ఆకులు ఉన్నాయి.

"మరీ వదులుగా లేవూ?" అంది.

"పెరిగే పిల్లలు," అన్నాడు దర్జీ.