సాంబయ్య లైసెన్సు, బాలవ్వ లొట్టి

ఈ భూప్రపంచంలో నేరస్థులకు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మాట అన్నది ఎవరో కాదు, ఆ మనిషే. అతను మా తమ్ముడు పర్శరాములు. వాడి గురక విన్నవాళ్లెవరూ ఆ మాటను కాదనలేరు. నేరస్థులకే కాదు, మా వాడకట్టులో ఎవరికీ కునుకు లేదు.

చెన్నూరు బజారులో వాడికి కుట్టుమిషను దుకాణం ఉంది. పైన బోర్డు: "డిటెక్టివ్ పరశురాం. అపరాధ పరిశోధన, కోట్లు, లాగులు, జాకెట్లు." పురాణాల్లో పరశురాముడికి గొడ్డలి ఉంది, వీడికి కత్తెర ఉంది. మెడలో కొలతల టేపు. జేబులో గడియారాలు బాగుచేసే మియా దగ్గర అడిగి తెచ్చిన భూతద్దం. రొండిన నశ్యం డబ్బీ. నశ్యం పీలిస్తే మెదడు పదునెక్కుతుందని వాడి సిద్ధాంతం. మెదడు సంగతి నాకు తెలియదు గానీ ముక్కు మాత్రం ఎప్పుడో మొద్దుబారింది. పొయ్యి మీద పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, "అక్కా, ఎవడో శత్రువు పొగబాంబు వేసిండు" అని మంచం కింద దూరినవాడు. ఎండాకాలంలో కూడా ఒంటిమీద నల్లకోటు తీయడు. అది ఒక పెళ్లికొడుకుది. పెళ్లి తప్పిపోయింది, కోటు మాకు మిగిలింది.

నవలల్లో డిటెక్టివు వెంట ఒక స్నేహితుడు తిరుగుతాడట. వీడికి స్నేహితులు నిలవలేదు. అందుకని వాడి అక్కను, దేవవ్వను, నేనే ఆ కొలువులో కుదిరాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రెండో ఎండాకాలంలో జరిగిందిది. కుట్టిన లాగులూ అంగీలూ మూటగట్టుకొని మందమర్రి అంగడికి సాంబయ్య లారీలో బయలుదేరాం. సాంబయ్య ఒకప్పుడు బొగ్గుబాయిలో పనిచేసినవాడు. ఎలాగో డ్రైవింగు నేర్చి, లైసెన్సు సంపాదించి పైకి వచ్చాడు.

"బాయిల ఉన్నన్ని దినాలు ఆదివారం నాడే సూర్యున్ని చూసేటోన్ని అక్కా. ఇప్పుడు చూడు, రోజూ మొకం మీదనే కూసుంటుండు" అని ఎండను కూడా ముద్దుగా తిట్టేవాడు. మెడలో పండరిపురంలో వేయించుకున్న తులసిమాల. మాల పడ్డనాటి నుంచి కల్లు ముట్టడు.

ఆ లారీ మాత్రం పెద్ద యుద్ధంలో పనిచేసి వచ్చింది. మనిషై ఉంటే పింఛను ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. రేడియేటరు మూత ఎక్కడో పడిపోతే, సాంబయ్య దానికి బదులు పాతగుడ్డ కుక్కి నడిపేవాడు. అడవి దారిలో అది బుసలు కొట్టి ఆగిపోయింది.

"దూప అయితుంది దీనికి. నీళ్లు తెస్త" అని సాంబయ్య డబ్బా పట్టుకొని వాగు వైపు పోయాడు. మేమంతా దిగి మోదుగు చెట్ల నీడకు చేరాం. మాతో పాటు బిడ్డ ఊరికి పోతున్న బాలవ్వ అనే ముసలామె కూడా దిగి కొంగు పరుచుకొని పడుకుంది. పర్శరాములు ఒక్కడే లారీ చుట్టూ చక్రాల జాడలు కొలుస్తూ తిరిగాడు.

సాంబయ్య ఖాళీ డబ్బాతో వచ్చాడు. "వాగుల ఇసుక తప్ప ఏం లేదు."

"ఫికర్ చెయ్యకు" అన్నాడు మా వాడు చేతులు కోటుకు తుడుచుకుంటూ. "నీళ్లు పోసుడు అయిపోయింది."

"యాడ దొరికినయ్ పర్శన్నా?"

"అది వృత్తి రహస్యం."

కోటు ముందు భాగమంతా పచ్చటి మరక. "పొద్దున తిన్న పప్పు మూతికి సాలలేదా, కోటుకు గూడ తినిపించినవా?" అని తిట్టాను. డిటెక్టివులు ఇలాంటి మాటలకు జవాబు చెప్పరు.

లారీ కదిలింది. మైలు కాగానే ఎదురుగా రోడ్డు పక్కన ఒక ఠాణా, దాని పక్కనే అమీన్ సాబు ఇల్లు కనిపించాయి. నిజాం రాజ్యం పోయినా, సబిన్‌స్పెక్టరు అని కొత్త పేరు వచ్చినా, జనం నోట్లో ఆయన అమీన్ సాబే. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి లారీ ముందు నుంచి తెల్లటి నురగ ఆకాశానికి ఎగిసింది. ముందు అద్దం తెల్లబారింది. సాంబయ్య తల బయటకు పెట్టేసరికి మిగిలిన నురగ అతని నెత్తిన పడింది. లారీ అటూ ఇటూ ఊగి, అమీన్ సాబు ఇంటి తడకను పడగొట్టి, దండెం మీద ఆరేసిన బట్టలను తెంపుకొని, ఒక ఖాకీ పాయింటును నెత్తిన పెట్టుకొని ఆగింది.

అమీన్ లక్ష్మీరాజం లుంగీ మీద పరుగెత్తుకొచ్చాడు. వచ్చి సాంబయ్యను ఒకసారి వాసన చూశాడు.

"మస్తుగ తాగినవ్ గదరా!"

"పండరినాథుని సాక్షిగ ఒక్క చుక్క తాగలే సారూ. ముంగట తెల్లగ ఏందో లేశి అద్దం మీద పడ్డది. ఏం కానరాలే."

"మరి కల్లు వాసన?"

"లారీలకెల్లి వచ్చింది సారూ."

"ఓహో! లారీ తాగిందా? అయితే లారీని లోపటేసి నిన్ను ఇంటికి పంపాల్నా?"

"నా మాల చూడుండ్రి సారూ."

"మాల మెడల ఉంటది, కల్లు కడుపుల ఉంటది. ఎంతమందిని చూడలే!" అని అమీన్ సాబు లైసెన్సు గుంజుకొని లుంగీలో దోపుకున్నాడు. "రేపు కోర్టుల కేసు. గీ లైసెన్సు ఖతం."

సాంబయ్య నేలమీద కూలబడ్డాడు. ఎండవైపు ఒకసారి చూశాడు. "మళ్ల బాయిలకే దిగాలె" అని మాత్రం అన్నాడు.

అంతలో లారీ మీద నుంచి బాలవ్వ కేక. "ఓ నాయినో! నా లొట్టి! నిండు లొట్టి! పోచమ్మకు సాక పోయనీకి కల్లు తెస్తుంటే ఎవడు తాగిండో వాని కడుపు కాల!" లొట్టి అంటే చిన్న కల్లుకుండ, సాక అంటే అమ్మవారి ముందు పోసే ధార. దాన్ని తలకిందులు చేసి చూపించింది. చుక్క రాలలేదు.

"సాక్ష్యం నడుచుకుంట వచ్చింది" అన్నాడు అమీన్ సాబు సంబరంగా. "తాగుడే కాదు, దొంగతనం గూడ. దేవుని కల్లు!"

అప్పుడు మా వాడు నశ్యం దట్టించి, కోటు సర్దుకొని ముందుకు వచ్చాడు.

"ఆగండి! ఈ కేసు పైకి కనిపించేంత సులువైనది కాదు. దీని వెనుక ఒక అదృశ్య హస్తం ఉన్నది!"

"నువ్వెవనివి?"

"నేరస్థుల పాలిటి యముణ్ణి!"

"అంగీలు కుడుతడు సారూ" అన్నాను నేను.

అప్పటికే వాడు లారీ మీద పడ్డ పాయింటుకు టేపు చుట్టాడు. "నడుము నలభై నాలుగు! పొడుగు ముప్పై ఆరు! అంటే దోషి పొట్టివాడు, పొట్టవాడు. తిండిపోతు, పనిదొంగ. పారిపోతూ పాయింటు వదిలిపెట్టిండు. ఇప్పుడు లుంగీ మీద తిరుగుతుంటడు!"

జవాన్లిద్దరు గోడవైపు తిరిగి దగ్గారు.

"అది నా పాయింటు" అన్నాడు లుంగీ మీద ఉన్న అమీన్ సాబు.

"అట్లనా? అయితే మిమ్మల్ని అనుమానితుల జాబితా నుంచి తాత్కాలికంగా తొలగిస్తున్న" అన్నాడు మా వాడు పెద్దమనసుతో.

"పోరడా, నా లొట్టి సంగతి చూడరాదు!" అంది బాలవ్వ.

"కుండల కేసులు నేను పట్టను అవ్వా. నాది పెద్ద స్థాయి."

"నీ స్థాయిల మన్నువడ! చేతుల గా గాజుపెంక ఎందుకున్నది మరి? చూడు!"

మా వాడు అయిష్టంగా భూతద్దం పెట్టి చూశాడు. లొట్టికి పసుపు పూసి ఉంది, పోచమ్మది గనుక. పసుపు మీద వేళ్ల గుర్తులు! మా వాడి కళ్లు వెలిగాయి.

"దొరికిండు! ఎవడు ముట్టుకున్నడో వాని చేతులకు పసుపు ఉండి తీరాలె! సాంబయ్యా, చేతులు చూపు!"

సాంబయ్య చేతులు చాచాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. పసుపు మచ్చుకైనా లేదు.

"చూసిండ్రా సారూ? సాంబయ్య నిర్దోషి!"

"కడుక్కున్నడేమో."

"వాగుల నీళ్లే లేవు సారూ!" అన్నాడు సాంబయ్య ఆశగా.

అమీన్ సాబు గడ్డం గోక్కున్నాడు. ఆ క్షణంలో ఇంట్లో నుంచి అమీన్ సాబు భార్య గంగుబాయి గొంతు వినిపించింది. "ఓ అయ్యా! నా బట్టలు తొక్కుకుంట గా లారీ ఇంకా ఎంతసేపు? తీపియ్యవా?"

ఠాణాలో ఎవరి మాట చెల్లుతుందో అప్పుడే అందరికీ అర్థమైంది. "తియ్యిరా లారీ!" అన్నాడు అమీన్ సాబు. సాంబయ్య రేడియేటరులో గుడ్డ మళ్లీ కుక్కి ఇంజను తిప్పాడు. జవాన్లు తోశారు. చక్రం మెత్తటి మట్టిలో తిరిగిందే తిరిగింది. ఇంజను గర్జించింది, మూలిగింది, కాగింది. గుడ్డ చివర తోకలా అల్లల్లాడుతుంటే మా వాడి చూపు దానిమీద పడింది.

"అదేంది? రహస్య పత్రం!"

"పర్శన్నా, గుంజకు! గుంజకు!" అని సాంబయ్య మొత్తుకున్నాడు.

"ఏందిరా అది?" అని అమీన్ సాబు వంగాడు.

మా వాడు గుంజాడు.

బుస్సుమని నురగ ఎగిసింది. గాలిలో కాస్త చల్లబడి దిగింది గనుక బతికారు. అమీన్ సాబుకు నెత్తీ మీసమూ లుంగీ ఒకే రంగైపోయాయి. సరిగ్గా అప్పుడే గంగుబాయి గడప దాటి వచ్చింది. ముక్కు ఎగబీల్చింది.

"పట్టపగలు! ఠాణా ముంగట! లుంగీ మీద! కల్లు!"

"నేను తాగలేనే!"

"మరి వాసన?"

"లారీలకెల్లి వచ్చిందే!"

"ఓహో! లారీ తాగిందా?"

అమీన్ సాబు సాంబయ్య వైపు తిరిగాడు. అప్పటిదాకా పోలీసు చూపు చూసిన కళ్లు అచ్చం ముద్దాయి కళ్లలా దీనంగా మారాయి.

సాంబయ్య లారీ దిగి చేతులు జోడించాడు. "అమ్మా, సారు ఒక్క చుక్క తాగలే. పండరినాథుని సాక్షిగ చెప్తున్న, అది లారీలకెల్లే వచ్చింది."

"నువ్వెవలవు?"

"తాగి లారీ నడిపిన కేసుల దొరికినోన్ని అమ్మా."

"మంచి సాక్షినే తెచ్చుకున్నవయ్యా!" అంది గంగుబాయి.

ఈలోగా బాలవ్వ లారీ మీద నురగను వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. "గిది మా ఊరి ఈతకల్లు. పోచమ్మ లొట్టిలదే. దొంగముండాకొడుకు ఎవడో తాగలే, లారీకి తాపిండు!"

అందరి బుర్రల్లో ఒకేసారి ఒకే ప్రశ్న. దాన్ని పైకి అన్నది మా వాడే.

"ఇంతకూ ఇందులో నీళ్లు పోసింది ఎవడు?"

నేను నుదురు కొట్టుకున్నాను. సాంబయ్య నోరు వెళ్లబెట్టి వాడినే చూస్తున్నాడు. గంగుబాయి మాత్రం తాపీగా వేలు చూపించింది. "గా కోటాయన రొమ్ము మీద పసుపు ఎందుకున్నది?"

మా వాడు కిందికి చూసుకున్నాడు. అరచేతులు చూసుకున్నాడు. భూతద్దం పెట్టి ఒక్కో వేలు చూసుకున్నాడు. పసుపుపచ్చగా మెరిశాయి. పప్పు కాదన్నమాట.

"నీళ్ల కుండ అనుకున్న" అన్నాడు సన్నగా.

"కల్లని వాసనన్న రాలేదా?" అంది గంగుబాయి.

"నశ్యం" అన్నాను వాడి తరఫున.

ఒక్క నిమిషం తల దించుకున్నాడు. ఇక ఈ జన్మకు కోటు విప్పేస్తాడనుకొని నేను సంతోషించబోతున్నాను. అంతలో తల పైకి లేచింది.

"అమీన్ సాబ్! నేను మొదటే చెప్పలేదా, అదృశ్య హస్తం ఉన్నదని? ఇదిగో, హస్తం! ఈ పరశురాం చేతిల పడ్డ దోషి తప్పించుకోలేడు. వాడు పరశురామే అయినా సరే!"

అమీన్ సాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. లుంగీలో నుంచి లైసెన్సు తీసి ఇచ్చాడు. సాంబయ్య దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆపై ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి గూడ వాసన వస్తుంది సారూ. ముందట ఎవలన్న నన్ను పట్టుకుంటరేమో."

"ఎండల పెట్టు" అన్నాడు అమీన్ సాబు.

సాంబయ్య ఎండవైపు చూసి నవ్వాడు. ఇక ఎండకు కొదువ లేదు.

దోషికి శిక్ష గంగుబాయి వేసింది. చిరిగిన బట్టలన్నీ అరుగు మీద కూర్చొని కుట్టాలి. నలభై నాలుగు నడుము పాయింటుతో మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఈతవనానికి నడిచి పోయి, బాలవ్వకు నిండు లొట్టి నెత్తిన పెట్టుకొని తేవాలి. తెచ్చాడు కూడా, కోటుతోనే. దారి పొడుగునా కుక్కలు వెంటపడ్డాయి. శత్రువులు పంపిన వేగుకుక్కలని వాడి అనుమానం.

పొద్దు వాలే ముందు లారీ మళ్లీ బయలుదేరింది. ఠాణా బావిలో తోడిన నీళ్లను సాంబయ్య వాసన చూసి, రుచి చూసి, మొక్కి మరీ పోశాడు. బాలవ్వ కొత్త లొట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకొని కొంగు కప్పింది. అంగడి ఊరు కనబడే చోట లారీ ఇంకోసారి బుసలు కొట్టి ఆగింది.

"ఎవరూ కదలొద్దు" అని మా వాడు లేవబోయాడు. "నేను చూసుకుంట."

లారీలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా వాడి కోటు పట్టుకున్నారు. ఆ పెళ్లికాని కోటు రెండు ముక్కలైంది.