తొంభై ఆరు శాతం

ఆ రోజు పొద్దున్న మేడమ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదికి క్లాసు, పదకొండుకి ప్రిన్సిపాల్ గదిలో సంతకం, పన్నెండుకి ఇల్లు. ఈలోగా చేతిరాతలో ఉన్న ఇరవై నాలుగు వ్యాసాలు టైపయి కాలేజీకి చేరాలి. అంతే.

ఆమె కాలేజీలో వ్యాసరచన చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. ఏటా ఈ నెలలో ఆమె ఉద్యోగం గాల్లో దీపం. ఈసారి దానికి ఒక సాఫ్ట్‌వేర్ కూడా తోడయింది. వ్యాసం మనిషి రాసిందో, ఏఐ రాసిందో అది శాతాల్లో చెబుతుంది. క్లాసు మొత్తానికి ఇరవై శాతం దాటితే ఆ టీచరుకు పొడిగింపు లేదు. అందుకే ఆమె నిన్న అందరి ఫోన్లూ తన బల్ల మీద పెట్టించి, "మా ఇంట్లో ఉదయం" అన్న అంశం ఇచ్చి, గంటసేపు కళ్ళ ముందే రాయించింది. ఇక ఎవరు వంక పెడతారో చూద్దామనుకుంది. సాఫ్ట్‌వేర్‌కి చేతిరాత చదవడం రాదని సాయంత్రం తెలిసింది.

"ఇలా తే," అన్నాడు భర్త, కాగితాల కట్ట వైపు చెయ్యి చాపుతూ. "ముప్ఫై ఏళ్ళు ఆఫీసులో కొట్టిన వేళ్ళివి. పదింటికల్లా మెయిల్లో పడేస్తాను."

"ఉన్నది ఉన్నట్టు కొట్టండి. ఒక్క మాట మార్చొద్దు."

"నాకు చెబుతున్నావా?"

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు తొంగి చూసింది. "వాడికిస్తున్నావా?"

"టైపు చెయ్యడానికే కదా అత్తయ్యా."

"నీ ఇష్టం తల్లీ. పెళ్ళికి ముందు నీకు రాసిన ఉత్తరాలు మర్చిపోయావేమోనని అడిగాను."

ఆమె మర్చిపోలేదు. మొట్టమొదటి ఉత్తరం పైన "విషయం: నా క్షేమ సమాచారం తెలియజేయుట గురించి" అని, దాని కింద "సూచిక: మీ ఉత్తరం, పదవ తేదీ" అని ఉంది. చెయ్యి ఒక్క క్షణం వెనక్కి వచ్చింది. అంతలో ఎనిమిదింపావు బస్సు గుర్తొచ్చింది. కట్ట ఆయన చేతిలో పెట్టి పరుగెత్తింది.

క్లాసులో ఆమె పాఠం కన్నా గడియారం వైపే ఎక్కువ చూసింది. పదీ అయిదుకి ఫోను మోగింది. భర్త నుంచి ఒకే మాట: "పంపడమైనది." పదిన్నరకి ప్రిన్సిపాల్ గది నుంచి పిలుపొచ్చింది. రావలసిన టైముకి అరగంట ముందు వచ్చే పిలుపు మంచి పిలుపు కాదని కాంట్రాక్టు వాళ్ళందరికీ తెలుసు.

ప్రిన్సిపాల్ కూర్చోమనలేదు. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. "తొంభై ఆరు."

"మార్కులా సార్?"

"శాతం. ఏఐ రాసిందట. పైగా ఇరవై నాలుగూ ఒక్కచోట పుట్టినవేనంటోంది."

ఆమె మొదటి వ్యాసం మొదటి వాక్యం చదివింది. "మానవ జీవితంలో ఉదయమునకు విశిష్ట స్థానం కలదు." రెండో వ్యాసం కూడా అలాగే మొదలైంది. మూడోదీ అంతే. ప్రతి వ్యాసానికీ మూడు పేరాలు, ఆఖర్న ఒక "కావున". ఆ కావునతో ఆమె ఇరవై ఆరేళ్ళు కాపురం చేసింది.

కానీ ఆ మాట పైకి అనడానికి లేదు. విద్యార్థుల కాగితాలు బయటివాళ్ళ చేతికి ఇవ్వకూడదని సర్క్యులర్లో నాలుగో నిబంధన. భర్త బయటివాళ్ళ కిందికి వస్తాడా రాడా అన్న సందేహం ఇన్నేళ్ళలో ఆమెకు మొదటిసారి వచ్చింది.

"పిల్లలు నా ముందే రాశారు సార్," అంది.

"అయితే పిల్లల్నే అడుగుదాం."

ఇరవై నలుగురూ వచ్చారు. తలుపు మూయడానికి చోటు మిగల్లేదు. "చేసినవాళ్ళు ఒప్పుకుంటే క్షమిస్తాను. ఒప్పుకోకుండా దొరికితే మాత్రం ఇంటికే," అన్నాడు ప్రిన్సిపాల్.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ముందు వరసలో, ఎప్పుడూ తప్పు చెయ్యని కుర్రాడు చెమటలు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "నేను ఒక్క పేరా వరకే సార్." అంత బుద్ధిమంతుడే ఒప్పుకున్నాక మిగతావాళ్ళు ఎందుకు ఆగుతారు? గొర్రెల మంద కదిలినట్టు కదిలారు. ఒకడు రెండు పేరాలన్నాడు. ఇంకొకతె మొత్తం అంది. వెనక నుంచి ఎవరో పక్కవాణ్ణి గుసగుసగా అడుగుతున్నారు, "మనం ఏం వాడామని చెప్పాలిరా?"

ఇరవై ముగ్గురు ఒప్పుకున్నారు. మిగిలింది చివరి బెంచీ అమ్మాయి.

"నేను వాడలేదు సార్."

"ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ వాడాను. మేడమ్‌కి కూడా తెలుసు. నిన్నటిది మాత్రం నేనే రాశాను." ఆ పిల్ల నేల వైపు చూస్తూ అంది, "రాసినా రాయలేదనే అంటే, ఇంక రాయడం దేనికి సార్?"

మేడమ్ కుర్చీ వీపు పట్టుకుంది. సంతకం కావాల్సిన ఆమె పొడిగింపు కాగితం ప్రిన్సిపాల్ మోచేతి కిందే ఉంది. దాన్నొకసారి చూసుకుని, ఆశ వదిలేసింది.

"వీళ్ళెవరూ ఏమీ చెయ్యలేదు సార్. టైపు చేసింది మా ఆయన."

"ఆయన ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు?"

"ఏదీ లేదు సార్. ఆయన మామూలుగానే అంత."

సరిగ్గా అప్పుడే గుంపును తప్పించుకుంటూ ఆయనే వచ్చాడు. ఆఫీసు రోజుల నాటి చొక్కా, చేతిలో ఫైలు. "అసలు ప్రతులు ఇంట్లో ఉండటం భావ్యం కాదని తెచ్చాను. వరస నంబర్లు వేశాను."

"మీరు మార్చారా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఒక్క మాట మార్చలేదండీ. కాస్త పద్ధతిలో పెట్టాను. ముప్ఫై ఏళ్ళలో నా బల్ల మీదికి వచ్చిన కాగితం వచ్చినట్టు వెళ్ళిందన్న మాట లేదు."

ప్రిన్సిపాల్ చివరి బెంచీ అమ్మాయి కాగితం బయటికి తీశాడు. "మా అమ్మ పొద్దున్నే ఎవర్నీ తిట్టకపోతే మాకు భయం. ఒంట్లో బాగాలేదేమో అని నాన్న మెల్లగా వెళ్ళి నుదురు ముట్టుకుని చూస్తాడు. అప్పుడు నాన్నని తిడుతుంది. హమ్మయ్య అనుకుని స్నానాలకి వెళ్తాం." తెర మీద అదే వ్యాసం ఇలా ఉంది: "ఉదయవేళ గృహమందు క్రమశిక్షణను తల్లి అమలుపరచును. కావున ఆమె పాత్ర ఎనలేనిది."

"మీ ఇద్దర్నీ నమ్మను. నేనే కొడతాను," అని ప్రిన్సిపాల్ రెండు వేళ్ళతో మొదలుపెట్టాడు. "తిట్టకపోతే" దగ్గర ఆగాడు. కాలేజీ కంప్యూటర్లో ఆ మాట బాగుండదనిపించి "మందలించకపోతే" అని కొట్టాడు. "హమ్మయ్య" తీసేశాడు. సాఫ్ట్‌వేర్ యాభై ఎనిమిది శాతం అంది.

"మీరూ కాస్త పద్ధతిలో పెట్టినట్టున్నారు," అన్నాడు భర్త గౌరవంగా.

ప్రిన్సిపాల్ లేచి కుర్చీ ఆ అమ్మాయికిచ్చాడు. ఆ పిల్ల తన కాగితం తానే కొట్టుకుంది. మూడు శాతం.

ప్రిన్సిపాల్ తెర మీద దాన్ని ఇంకోసారి మొదటి నుంచి చదివాడు. "మా అమ్మా ఇంతే," అని, మోచేతి కింద నుంచి కాగితం లాగి సంతకం పెట్టాడు. మిగతా ఇరవై ముగ్గురినీ సోమవారంలోగా ఎవరిది వాళ్ళే కొట్టి తెమ్మన్నాడు. ఒప్పుకున్నవాళ్ళు ఒప్పుకున్నది వెనక్కి తీసుకోవడానికి వరస కట్టారు.

భర్త ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "తొంభై ఆరా? సర్వీసంతా నాకెవరూ అరవై దాటించలేదు."

"మీరు రిటైరయ్యారు కదూ?" అన్నాడు ప్రిన్సిపాల్, పెన్ను మూత ఇంకా పెట్టకుండా. "మా వార్షిక నివేదిక ఒకటుంది. చదివే పై అధికారులకు సరిగ్గా ఇలాగే ఉండాలి."

మేడమ్ ఉద్యోగం ఏడాది పొడిగించారు, వాళ్ళాయనది మూడేళ్ళకి ఖాయం చేశారు.