పచ్చగడ్డికి పుట్టుపూర్వోత్తరాలు

మనుషుల వంశాల సంగతి దేవుడెరుగు, ముందు గడ్డి వంశం తేల్చాలి! పచ్చికకు డీఎన్‌ఏ పరీక్ష రావడం మానవజాతికి దక్కిన మహా వరమని ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి. నా జీతం దాని మీదే నడుస్తోంది.

పూర్వం ఎలా ఉండేది? లాన్ విత్తనంలో ఒకే రకం ఉందా, నాలుగు రకాలు కలిశాయా అని తెలియాలంటే చల్లాలి, మొలిచేదాకా ఆగాలి, నడుం వంచి ఆకు ఆకూ చూడాలి. ఎంత అనాగరికం! ఇప్పుడు ఆకు ముక్క కోసి, నూరి, మందులు కలిపి యంత్రంలో పెడితే గీతలు పడతాయి. గీతలన్నీ ఒకేలా ఉంటే విత్తనం ఒకే రకం. నడుముకి ఎంత సుఖం!

మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న ముప్పై ఏళ్ళుగా ఆటల మైదానంలో గడ్డి పెంచుతున్నాడు. నేనూ గడ్డి పనిలోకే వచ్చానని తెలిసి మా అత్తయ్య, “దీనికా అంత చదువు?” అని ముక్కున వేలేసుకుంది. ఆవిడకేం తెలుసు? నాన్న గడ్డి చూస్తాడు. నేను గడ్డి రిపోర్టు చూస్తాను. తేడా లేదూ?

ఆ మధ్య నాన్న పనిచేసే మైదానానికి తెప్పించిన విత్తనం మా ల్యాబ్‌కే పరీక్షకు వచ్చింది. నాన్న అందులోదే గుప్పెడు పాత బేసిన్‌లో మొలకెత్తించి నన్ను పిలిచాడు.

“ఒరేయ్ సైంటిస్టూ, ఇందులో రెండు రకాలున్నాయిరా. ఈ ఆకు వెడల్పు చూడు. ఇది ఎండకు ఆగదు.”

“నాన్నా, కంటితో చూసి చెప్పేది సైన్స్ కాదు.”

ఎంత గంభీరంగా అన్నానో!

ఇరవై మొక్కల నుంచి తలా ఒక ముక్క కోయాలని నియమం. కానీ ల్యాబ్ ట్రేలో మొలకలు వెంట్రుకల్లా ఉన్నాయి, కత్తెరకు చిక్కవు. ఒక్కటి మాత్రం గుబురుగా, బలంగా ఎదిగింది. ఏ ఆకైనా ఆకే కదా అని ఇరవై ముక్కలూ దాని నుంచే కోశాను. గీతలు పడ్డాయి చూడండి, కవాతులో సిపాయిల్లా! మా ఇన్‌చార్జి మేడం కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

“నా సర్వీసులో ఇంత స్వచ్ఛమైన విత్తనం చూడలేదయ్యా!”

ఎలా చూస్తారు పాపం? ఒక మొక్క తనతో తానే విభేదించడం నేనూ ఎక్కడా చూడలేదు.

ఎండాకాలం వచ్చింది. మైదానం సగం పచ్చగా, సగం పండిపోయి, మాసికలేసిన దుప్పటిలా తయారైంది. మైదానం మేనేజరు నా రిపోర్టు తిరగేశాడు. విత్తనం నూటికి నూరుపాళ్ళు ఒకే రకం! అయితే తప్పెవరిది? నీళ్ళు పెట్టినవాడిది! సరైన సంజాయిషీ ఇవ్వకపోతే పనిలోంచి తీసేస్తామని నాన్నకు మెమో ఇచ్చాడు.

నాన్న మెమో మడిచి జేబులో పెట్టుకుని ఒక్కటే అడిగాడు.

“ఎన్ని మొక్కలు కోశావురా?”

“...ఒకటి.”

“పోన్లే, నా దగ్గరన్నా నిజం చెప్పావు.”

మర్నాడే మేడంకి సంగతి చెప్పి, కడుపునిండా చివాట్లు తిని, ల్యాబ్‌లో మిగిలిన విత్తనం మళ్ళీ మొలకెత్తించి, ఈసారి ఇరవై మొక్కలూ విడివిడిగా కోశాను. పదకొండు ఒక రకం, తొమ్మిది ఇంకో రకం! కొత్త రిపోర్టు మీద స్టాంపు పడింది, మెమో రద్దయింది. చూశారా, డీఎన్‌ఏ పరీక్ష మా నాన్న ఉద్యోగం నిలబెట్టింది! ఊడబోయింది కూడా దానివల్లే కదా అనే గిట్టనివాళ్ళుంటారు. పట్టించుకోకండి.

రద్దు కాగితంతో పాటే ఇంకో ఉత్తర్వూ వచ్చింది. మైదానం సిబ్బందికి గడ్డి రకాలు గుర్తుపట్టడం రాదు కాబట్టి ఒకరోజు శిక్షణ. హాజరు తప్పనిసరి. పాఠం చెప్పేది నేను!

క్లాసు సోమవారం. ఆదివారం పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని నాన్న వెనకాలే మైదానంలో మోకాళ్ళ మీద పాకుతున్నాను. ఏ ఆకు ఏ రకమో, ఏది ముందు పండుతుందో ఆయన వేలు పెట్టి చూపిస్తున్నాడు. నా కలం అందుకోలేకపోతోంది.

“తొందరేం లేదు, మెల్లగా రాసుకోరా,” అన్నాడు నాన్న. “రేపు నాకే కదా చెప్పాలి!”