పై పళ్ళకు పాకిన పసుపు

ఆ ఉదయం పళ్ళ డాక్టరుగారి పథకంలో రెండే పనులున్నాయి. ఒకటి, క్లినిక్ తలుపు తెరవడం. రెండు, సాయంత్రం మావగారు వచ్చేసరికి అది రోగులతో కిటకిటలాడేలా చూడటం. మొదటి పని తాళంచెవితో అయిపోయింది. రెండోదాని గురించి ఆలోచిస్తుండగా కాఫీ చల్లారిపోయింది.

క్లినిక్ ఉన్న గది మావగారిది. ఏళ్ళ తరబడి ఓపిక పట్టిన ఆ పెద్దమనిషి ముందురోజు ఫోన్లో తేల్చి చెప్పేశారు. "అల్లుడూ, రేపు సాయంత్రం చెప్పుల షాపాయన్ని తీసుకొస్తున్నా. ఆ టైముకి నీ దగ్గర జనం ఉన్నారా, గది నీదే. లేరా, ఆయనకిచ్చేస్తా. కనీసం చెప్పులైనా జంటలు జంటలుగా కనపడతాయి. నీ దగ్గర ఒకడు కూర్చుంటే రెండోవాడు ఉండడు."

లోపం డాక్టరుగారి చేతిలో లేదు, నోట్లో ఉంది. పన్ను నొప్పి అంటూ వచ్చినవాడి నోట్లోకి లైటు వేసి, "ఏం లేదు, గింజ ఇరుక్కుంది" అని దాన్ని తీసేసి పంపేస్తారు. "మీ పళ్ళు బాగున్నాయి, ఇంటికెళ్ళండి" అన్న మాట భూమ్మీద ఇన్నిసార్లు అన్న పళ్ళ డాక్టరు మరొకరు ఉండరు. వెయిటింగ్ రూములో కుర్చీలకు కొన్నప్పుడు షాపువాడు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. చింపేంతసేపు ఎవరూ కూర్చోలేదు.

కాఫీ మీద మీగడ కట్టే సమయానికి బావమరిది ఒక పెట్టె చంకలో పెట్టుకుని వచ్చాడు. అతన్ని అందరూ ఆఫర్ అంటారు. తగ్గింపు ధర లేకుండా అతను జీవితంలో ఏదీ కొనలేదు. ఎవరిదో పెళ్ళి ఆగిపోతే మిగిలిన కార్డులు సగానికి కొని, పేర్లు కొట్టేసి, తన పెళ్ళికి పంచాడు. చాలామంది పరామర్శకు వచ్చారు.

"బావా, నీ వ్యాపారానికి ఎక్కడ దెబ్బ పడుతోందో కనిపెట్టా" అన్నాడు ఆఫర్. "ఎవడి నోరు వాడికి కనపడదు. కనపడనిదానికి ఎందుకొస్తారు? ఇదిగో, కొత్త ట్యాబ్. ఫొటో తీసి వాడి పళ్ళు వాడికే చూపించు."

"చూసి ఏం చేస్తారురా? బాగానే ఉన్నాయిగా?"

"ఈ మాటే నువ్వు మానాలి బావా."

డాక్టరుగారి భార్య ట్యాబ్ అందుకుంది. క్లినిక్‌లో రిసెప్షన్, నర్సు, ఊడ్చే మనిషి, ఆశ, అన్నీ ఆవిడే. తెర వెలగగానే ఎడారిలో సూర్యాస్తమయం బొమ్మ కనిపించింది. కింద ఇసుక పసుపుపచ్చగా మెరుస్తోంది. "అబ్బ, ఎంత బాగుందో!" అంది.

నిజానికి ఇసుకలో అంత పసుపు లేదు. ట్యాబ్ తెరలోనే ఉంది. బటన్లున్న అంచువైపు సగం, చిన్నపిల్లలకిచ్చే దగ్గుమందు ఒలికినట్టు పసుపుగా ఉంది. రెండో సగం పాలలా తెల్లగా ఉంది. ఎడారిని చూసి ఎవరు అనుమానిస్తారు?

మొదటి నోరు టైలరుది. పాపం, అతను పళ్ళ కోసం రాలేదు. డాక్టరుగారి తెల్లకోటుకు గుండీ కుట్టి తెచ్చాడు. "ఒక్కసారి 'ఈ' అనండి" అంది డాక్టరుగారి భార్య, బటన్లు కిందికి వచ్చేలా ట్యాబ్ పట్టుకుని. టైలరు 'ఈ' అన్నాడు. ఫొటో చూశాక, అన్న 'ఈ' అలాగే ఉండిపోయింది. పై పళ్ళు తెల్లగా ఉన్నాయి. కింది వరస మాత్రం నిమ్మతొక్కలా ఉంది.

"అమ్మో! సూదులు!" అన్నాడు. "గుండుసూదులు కింది పళ్ళ మధ్యే పట్టుకుంటానమ్మా. తుప్పు దిగిపోయింది!"

డాక్టరుగారు లైటు వేసి చూశారు. "మీ పళ్ళు బాగున్నాయి, ఇంటికెళ్ళండి."

"నాకు ధైర్యం చెప్పకండి సార్. నిజం చెప్పండి. ఇంట్లోవాళ్ళకి నేను చెప్పుకుంటా."

డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని చూశారు. తెరమీద పసుపు అలాగే ఉంది. కళ్ళజోడు తీసేసి చూశారు. టైలరు మాయమయ్యాడు గాని పసుపు పోలేదు. తన మాట కన్నా ఎదుటివాడి భయాన్నే నమ్మే మనిషి కావడంతో, సరే, ఒకసారి శుభ్రం చేస్తే పోయిందేముంది అని లోపలి కుర్చీలో కూర్చోబెట్టి, కింది వరసను అద్దంలా తోమారు.

శుభ్రం చేశాక మళ్ళీ ఫొటో తీయాలి కదా. లోపలి గదిలో ట్యాబ్‌ను స్టాండుకు పెట్టబోతే అది బటన్లను నొక్కేస్తోంది. దాంతో డాక్టరుగారి భార్య ట్యాబ్‌ను తలకిందులుగా పెట్టింది. ట్యాబ్ తెలివైనది కాబట్టి బొమ్మను మళ్ళీ నిటారుగా తిప్పుకుంది. తెర పసుపుకు అంత తెలివి లేదు. అది ఉన్నచోటే, అంటే ఇప్పుడు పైన, ఉండిపోయింది.

ముగ్గురూ ఫొటో చూశారు. కింది పళ్ళు ముత్యాలు. పై పళ్ళు నిమ్మతొక్కలు.

"ఏమండీ, కింద తోమితే పైకి ఎక్కిందండీ!" అంది ఆవిడ.

టైలరు ఇంకేం వినలేదు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగు తీశాడు. రుమాలు అడ్డం ఉన్నా వీధి చివరిదాకా అతని మాట స్పష్టంగా వినిపించింది. "కొత్త జబ్బండోయ్! ముందు కింద వస్తుంది! కదిలిస్తే పైకి పాకుతుంది!"

మధ్యాహ్నానికి కుర్చీల కవర్లు చిరిగిపోయాయి. వచ్చిన ప్రతివాళ్ళనీ డాక్టరుగారి భార్య గుమ్మం దగ్గర 'ఈ' అనిపించింది. ప్రతివాళ్ళ కింది పళ్ళూ పసుపే. ప్రతివాళ్ళకీ ఒక కారణం సిద్ధంగా ఉంది. పాటల టీచరమ్మ అయితే తన తప్పు వెంటనే ఒప్పుకుంది. "ఈ మధ్య కింది స్థాయి మరీ ఎక్కువ సాధన చేస్తున్నా. అదే కొట్టింది." ఎదురు అపార్ట్‌మెంటు సెక్రటరీ నీళ్ళ ట్యాంకును అనుమానించి, మూడో అంతస్తువాళ్ళకు నేరుగా పై పళ్ళకే వస్తుందా అని డాక్టరుగారిని రాతపూర్వకంగా చెప్పమన్నాడు.

"అయినా మా అద్దంలో బాగానే కనపడ్డాయే?" అంది టీచరమ్మ.

"మీ అద్దం ఎప్పటిది టీచరుగారూ?" అన్నాడు టైలరు. అప్పటికి అతను ఈ జబ్బు విషయంలో పెద్దదిక్కు అయిపోయాడు.

"మా అమ్మ నాటిది."

"మరి! పాత అద్దానికి ఇవన్నీ ఏం తెలుస్తాయండీ? ఇది కొత్త మోడలు."

ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, "మీ పళ్ళు బాగున్నాయి" అనిపించుకుని, స్టాండు మీద ఫొటో తీయించుకుని, పసుపు పైకి పాకిందని చూసుకుని, బయటికొచ్చి క్యూలో చివర మళ్ళీ కూర్చున్నారు. ఇలా జనం పెరగడమే గాని తరగలేదు. ఆగకుండా ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నారు. టీచరమ్మ తన శిష్యురాళ్ళను కూడా పిలిపించడంతో పుక్కిలింత శ్రుతిలో పడింది. వీధి కుక్కలు ఆ చప్పుడు విని పక్క వీధికి కాపురం మార్చాయి.

"చూశారా, పేరొచ్చేసింది!" అంది భార్య, ముఖం వెలిగిపోతూ.

"పేరు కాదే, పాపం వస్తోంది" అన్నారు డాక్టరుగారు. "ఒక్కడికీ ఏమీ లేదు. అయినా తెరమీద ఎందుకలా కనపడుతోందో నాకు అర్థం కావట్లేదు. నేను చదివిన చదువు మీదే నాకు అనుమానం వస్తోంది."

"ఆ అనుమానమేదో సాయంత్రం దాటాక పడండి."

సాయంత్రం మావగారు చెప్పుల షాపాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. షాపాయన చేతిలో కొలతల టేపు ఉంది. మెట్ల మీద జనం, వరండాలో జనం, లోపల జనం. మావగారు ఒక నిమిషం పాటు ఇది తన గదేనా అని గోడలు తడిమి చూసుకున్నారు.

"అల్లుడూ! ఇంత జనమా! నేనింకా నిన్ను..." అని షాపాయన వైపు తిరిగారు. "ఏమనుకోకండి. గది ఖాళీ లేదు. మా అల్లుడు బిజీ."

షాపాయన దిగాలుగా టేపు చుట్టుకోబోతుంటే డాక్టరుగారి భార్య ఆయన్నీ వదల్లేదు. జనం తొక్కిసలాటలో ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుని, "'ఈ' అనండి" అంది. ఆయన అన్నాడు. అందరూ వంగి చూశారు. ఎడమవైపు పళ్ళు పైనా కిందా పసుపు. కుడివైపు తెలుపు.

గదిలో పుక్కిలింత ఆగిపోయింది.

"ఈయనకి అడ్డంగా వచ్చింది!" అన్నాడు టైలరు, నిపుణుడి ఆందోళనతో.

డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. కింద, పైన, ఇప్పుడు పక్కన. ఏ జబ్బూ ఇలా గడియారంలా తిరగదు. బల్ల మీది ప్లాస్టరు పళ్ళ బొమ్మ తీసి ట్యాబ్ ముందు పెట్టి ఫొటో తీశారు. సగం పసుపు.

"అయ్యో, దానికీ అంటుకుంది!" అంది పాటల టీచరమ్మ. ఇద్దరు శిష్యురాళ్ళు ప్లాస్టరు బొమ్మకు దూరంగా జరిగారు.

డాక్టరుగారు కెమెరా ఆపేసి, తెరమీద ఉత్త తెల్ల పేజీ తెరిచారు. ఎవరి నోరూ లేదు, పన్నూ లేదు. అయినా బటన్ల వైపు సగం పసుపు, రెండోవైపు తెలుపు. ట్యాబ్‌ను నెమ్మదిగా తిప్పారు. పసుపు బటన్లను అంటిపెట్టుకుని తిరిగింది. ఆయనకు ఉదయం నుంచి మొదటిసారి ఊపిరి ఆడింది. వెంటనే మావగారు కనిపించి మళ్ళీ ఆగిపోయింది.

ఆఫర్ ఆయన చెవి దగ్గరికి వచ్చాడు. "బావా, నాకర్థమైంది. నీకూ అర్థమైంది. ఇంకెవరికీ అవ్వలేదు. రేపు చెబుదువుగాని."

భార్య ఆయన కోటు అంచు గట్టిగా పట్టుకుంది. టైలరు ఆ ఉదయం కుట్టిన గుండీ ఊడి కిందపడింది.

"అందరూ వినండి" అన్నారు డాక్టరుగారు. "జబ్బు మీ పళ్ళకి కాదు. ఈ ట్యాబ్‌కి. తెర సగం పసుపుగా ఉంది, అంతే. మీ అందరి పళ్ళూ బాగున్నాయి. ఇంటికెళ్ళండి."

తెల్ల పేజీ అందరికీ తిప్పి తిప్పి చూపించారు. సినిమా హాల్లో కరెంటు పోయినప్పుడు కూడా జనం అంత వేగంగా బయటపడరు. టీచరమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "అయితే కింది స్థాయి పాడొచ్చా?" అని అడిగి, పాడుకుంటూ వెళ్ళింది. టైలరు తన పెద్దరికం పోయినందుకు బాధపడుతూ అందరికన్నా చివర కదిలాడు. చిరిగిన కవర్లతో ఖాళీ కుర్చీలు మిగిలాయి.

మావగారు ఆ కుర్చీలవైపు చెయ్యి చూపించారు. "అల్లుడూ, నోరు మూసుకుని ఉంటే గది దక్కేది కదయ్యా. నోళ్ళ డాక్టరువి, ఆ మాత్రం తెలీదా?" అని షాపాయన వైపు తిరిగారు. "కొలుచుకోండి."

షాపాయన కదల్లేదు. ఎడమ చెయ్యి ఎడమ చెంప మీద ఉంది. "డాక్టరుగారూ, మరి నాది కూడా తెరేనా?"

డాక్టరుగారు ట్యాబ్ పక్కన పడేసి, లైటు వేసి చూశారు. కాసేపు ఎక్కువే చూశారు. "కాదండీ. రంగు తెరది, గొయ్యి మీది. ఎడమవైపు దవడ పన్ను లోపలిదాకా పాడైంది. ఎన్నాళ్ళనుంచి నొప్పి?"

"పెళ్ళికి ముందు నుంచి" అన్నాడు షాపాయన. "కుడివైపే నములుతున్నా. మీ డాక్టర్లంటే నాకు చచ్చే భయం. వెళ్తే లేనిది కూడా ఉందంటారని. ఇంతమందిని ఏం లేదని పంపేసినాయన నాకు ఉందంటున్నాడంటే, ఇంక ఉన్నట్టే." అని కుర్చీలో తనే ఎక్కి కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు తెరిచాడు.

మత్తు ఇచ్చి, పన్ను శుభ్రం చేసి, తాత్కాలికంగా మూసి డాక్టరుగారు చేతులు కడుక్కున్నారు. మావగారు ఈలోగా టేపు తీసుకుని, సాయం చేద్దామని గది సగం తనే కొలిచేశారు. షాపాయన లేచి, ఆ టేపు ఆయన చేతుల్లోంచి లాక్కున్నాడు. మొద్దుబారిన ఎడమవైపును వదిలేసి కుడివైపుతో మాట్లాడాడు.

"గది వద్దండీ."

"అదేంటండీ? మాటిచ్చారుగా?"

"లోపల మందు పెట్టి మూశారు. ఇంకా రెండు మూడుసార్లు రావాలట. ఇక్కడ చెప్పుల షాపు పెట్టేస్తే నేనెక్కడికి రావాలి? ఆ పని అయ్యాక అత్తగారి పన్ను, తమ్ముడివి రెండు, మా షాపు మేనేజరుది ఒకటి. వీళ్ళందరూ నాలాగే భయపడి కుడివైపు నములుతున్నారు. మీరు ఈయన్ని కదిలిస్తే నేనొప్పుకోను." అని బల్లమీద తన పేరుతో తర్వాతి అపాయింట్‌మెంటు తనే రాసుకున్నాడు.

మావగారు ఖాళీ కుర్చీలను చూశారు, అల్లుణ్ణి చూశారు. చివరికి దగ్గి, తనే వెళ్ళి రోగి కుర్చీలో కూర్చున్నారు. "ఊరికే, ఒకసారి చూడు. కుడివైపు ఏదో జివ్వుమంటోంది. ట్యాబ్ వద్దు, కళ్ళతో చూడు."

డాక్టరుగారు చూశారు. "ఏం లేదు మావయ్యగారూ, గింజ ఇరుక్కుంది."

ఆ గది ఇప్పటికీ డాక్టరుగారిదే. కుర్చీల మీద మనుషులు తీరిగ్గా, కవర్లు లేకుండా కూర్చుంటున్నారు. డాక్టరుగారి భార్య అప్పుడప్పుడూ నిలబడే ఉండాల్సి వస్తోంది. దానికి ఆవిడ ఎంతో సంతోషంగా విసుక్కుంటోంది.

ఆఫర్ ఆ ట్యాబ్ వాపసు ఇచ్చి, ఇంకా మంచి ఆఫర్‌లో వేరేది తెచ్చాడు. దాని తెర సగం గులాబీరంగులో ఉంది గాని, అందులో అందరి చిగుళ్ళూ ఆరోగ్యంగా కనిపిస్తుండటంతో ఇంతవరకూ ఫిర్యాదులేమీ రాలేదు.